తాకరాని పాదం

గత నెలలో నాకు ఉద్యోగంలో లిఖితపూర్వకమైన హెచ్చరిక అందింది. అమెరికాలోని ఒక మ్యూజియంలో చైనా శిల్పాల గదికి నేను కాపలా ఉంటాను. వచ్చినవారిని 'దయచేసి తాకవద్దు' అని వారించడానికే నాకు జీతమిస్తారు. అటువంటి నేనే, ఒక ఉదయం తలుపులు తెరవకముందు, కొయ్యతో చెక్కిన, బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచే బోధిసత్త్వుడు అవలోకితేశ్వరుని పాదాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. కెమెరాలో చూసిన మా సూపర్‌వైజరుగారు 'ఆబ్జెక్టును తాకాడు' అని రాశారు. హెచ్చరికకన్నా ఆ 'ఆబ్జెక్టు' అన్న మాటే నన్ను ఎక్కువగా బాధించింది.

చైనీయులు గ్వాన్‌యిన్ అని కొలిచే ఆ స్వామి కుడి మోకాలు పైకెత్తి, దానిమీద చేయి చాచి, ఎడమ కాలు కిందికి వదిలి, తీరిగ్గా కూర్చుని ఉంటాడు. జిన్ వంశపు కాలంలో (1115–1234) షాన్‌షీ ప్రాంతపు ఆలయాల కోసం ఇటువంటి మూర్తులను చేశారు. కొయ్యముక్కలను అతికి, చెక్కి, తెల్లని పూత వేసి, దానిపై రంగులూ బంగారమూ దిద్దేవారు. కొండపల్లిలో పొణికి కర్రకు మక్కు పెట్టి, సున్నం పూసి, రంగులద్దడం చూసినవారికి ఈ వరుస కొత్తగా ఉండదు. కొన్నింటికి వీపులో అర తొలిచి, అందులో సూత్రగ్రంథాలూ గింజలూ విలువైన రాళ్లూ ఉంచి మూసేవారు. మన భాషలో అది ప్రతిష్ఠే కదా! రంగు మాసినప్పుడు మళ్లీ వేయించడమూ సేవగానే సాగింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, సుమారు 1200 నాటి మూర్తిని పరిశీలించినప్పుడు, తర్వాతి మింగ్ వంశపు కాలంనాటి (1368–1644) పూతల కింద అంతకన్నా పాత రంగులు బయటపడ్డాయి.

ఇన్ని తరాల చేతులు తాకిన స్వామి నా వేళ్లకే పాడవుతాడా అని వారం రోజులు గింజుకున్నాను. పాడవుతాడు, చర్మంమీది నూనె, చెమట అంటితే పెచ్చులు లేచిన రంగు రాలుతుంది, మళ్లీ వేయించే భక్తులు ఇక్కడ లేరు. సూపర్‌వైజరుగారు చెప్పినది న్యాయమే. అయినా స్వామిని పరాయివాడనుకోవడం నా వల్ల కాలేదు. ఏడవ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ రాసిన కథలో, బౌద్ధ పండితుడు భావవివేకుడు ఈ స్వామి మూర్తి ముందే మూడేళ్లు అన్నం మాని జపిస్తే, స్వామి ప్రత్యక్షమై ధాన్యకటకానికి వెళ్లమన్నాడు. ధాన్యకటకమంటే మా అమరావతే.

ఆదివారం ఫోనులో ఇదంతా విన్న అమ్మ, "పోనీ, ఆయనకు దీపమైనా పెడతారా నాయనా?" అని అడిగింది. రంగులు వెలిసిపోకుండా గదిలో వెలుతురు బాగా తగ్గించి ఉంచుతారని చెప్పాను.