రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా? నర్సింగ్ వదులుకోవడానికి అది కారణం కాదు

నర్సింగ్‌లో చేరాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ఎక్కువగా చెప్పేది రక్తం సంగతే. కొందరికి రక్తం చూడగానే గుండె వేగం తగ్గి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. దీనికి ఉపాయం ఉంది. చేతులు, తొడలు, పొట్ట కండరాలు 10–15 సెకన్లు గట్టిగా బిగించి, ముఖం వెచ్చబడగానే వదలాలి. 20–30 సెకన్లు ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు రోజూ సాధన చేస్తే వార్డులో పనికొస్తుంది. ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్లకండి. తల తిరిగితే ఓర్చుకుంటూ నిలబడొద్దు, వెంటనే కూర్చోండి.

'లెక్కలు రావనే కదా బైపీసీ తీసుకున్నా' అనేది ఇంకో భయం. వార్డులో లెక్క ఎలా ఉంటుందో చూడండి. 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి. సెలైన్ ఎక్కించే గొట్టం (సెట్టు) కవరు మీద ఎంఎల్‌కు 20 చుక్కలని ఉంటే మొత్తం 10,000 చుక్కలు. 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42. వాచీ పట్టుకుని 15 సెకన్లు లెక్కపెడితే 10 లేదా 11 చుక్కలు పడాలి. అంతే!

ప్రమాదం లెక్క దగ్గర కాదు, కంగారు దగ్గర వస్తుంది. రోగి చెయ్యి మడిచేసరికి గంటసేపు డ్రిప్ ఆగిపోయిందనుకోండి. టైముకి బాటిల్ అవగొట్టాలని చుక్కల వేగం మార్చే రోలర్ మొత్తం తెరిచేస్తే, గుండె జబ్బున్న మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. ఆలస్యమైందని డాక్టరుకు చెప్పాలి, కేస్ షీట్‌లో రాయాలి. అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది: పొరపాటు జరిగితే దాచకుండా చెప్పగలరా? మందు చీటీ అర్థం కాకపోతే, డాక్టరు విసుక్కున్నా సరే మళ్లీ అడగగలరా? బెరుకు ఉన్నా ఫర్వాలేదు. ఊహించి ఇంజెక్షన్ ఇచ్చే అలవాటు మాత్రం ఈ పనికి సరిపడదు.

అసహ్యం కూడా చాలావరకు పద్ధతి తెలిస్తే తగ్గుతుంది. మంచం పట్టిన మనిషికి ఒళ్లు తుడిచేటప్పుడు ముందు తెర వేసి, తుడిచే భాగం మీదే దుప్పటి తీసి, అది ఆరబెట్టి కప్పాకే ఇంకోవైపు వెళ్లాలి. అప్పుడు మీ ధ్యాస వాసన మీద కాదు, ఆ మనిషి సిగ్గు కాపాడటం మీద ఉంటుంది. వంగి చేయకుండా మంచాన్ని నడుము ఎత్తుకు లేపితే మీ వెన్నూ నిలుస్తుంది.

నైట్ డ్యూటీ విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూర్ఛ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే ఫిట్స్ రావచ్చు. చేరకముందే డాక్టరును అడగండి.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్లు. జీఎన్ఎం చేశాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీకి దారి ఉంది. ఫీజు కట్టేముందు ఆ కాలేజీ విద్యార్థులు పనిచేసే ఆసుపత్రికి ఉదయం పూట ఒకసారి వెళ్లండి. బిల్డింగ్ కాదు, మంచాలు చూడండి. సగం ఖాళీగా ఉంటే అక్కడ చెయ్యి తిరగదు, ఇంకో కాలేజీ వెతుక్కోండి.