స్కాన్ రిపోర్టులో అందరూ దాటేసే ఆ ఒక్క లైను

అరవై దాటినవాళ్ళకి ఏ తలతిరుగుడికో మెదడుకి ఎమ్మారై స్కాన్ తీయిస్తే, రిపోర్టు కింద ఎక్కడో "స్మాల్ వెస్సెల్ ఇస్కీమిక్ ఛేంజెస్" అని ఒక లైను కనిపిస్తూ ఉంటుంది. గడ్డలేం లేవు, వయసుతో వచ్చేవే అంటారు. హమ్మయ్య అనుకుని కవరు బీరువా మీద పడేస్తాం. మా నాన్న రిపోర్టులోనూ ఆ లైను ఉంది, నరసన్నపేట నుంచి విశాఖ వెళ్ళేదాకా అదేమిటో మాకు విడమరచి చెప్పినవాళ్ళు లేరు.

మెదడు లోతుల్లోకి దిగే రక్తనాళాలు చాలా సన్నవి, ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడా ఉండదు. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై బిరుసెక్కి, లోపల దారి ఇరుకైపోతుంది. వంశధార కాలువలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే కదా, ఇక్కడా అంతే, ఆ నాళాల చివర ఉండే భాగానికి రక్తం చాలక దెబ్బతింటుంది. స్కాన్‌లో అవే తెల్ల మచ్చలు, ఈ సన్న నాళాల జబ్బు గుర్తులు. ఒక్కోసారి చిన్న చిన్న గుంటలు, చుక్కల్లాంటి రక్తస్రావాలు కూడా ఉంటాయి. మచ్చలు ఎంత ఉన్నాయో ఫజెకాస్ గ్రేడ్ అని 0 నుంచి 3 వరకు ఇస్తారు. ఆ వయసులో 1 చాలామందికి ఉంటుంది, 2, 3 అంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

నాన్నకి మతిమరుపు లేదు, అందుకే మాకు అనుమానం రాలేదు. 2018 తిత్లీ తుఫానుకి తోటలో ఏ మూల ఏ కొబ్బరిచెట్టు పడిందో ఇప్పటికీ చెప్తారు. కానీ కరెంటు బిల్లు కట్టాలంటే ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోతారు, ముందు ఏది నొక్కాలో తరవాత ఏదో తేల్చుకోలేరు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి కాలు ఆగిపోతుంది, పాదాలు నేలకి రాసుకుంటూ చిన్న చిన్న అడుగులు. మూత్రం వచ్చిందంటే ఆగదు. అరుగు మీద నలుగురూ ఉన్నా మాట కలపరు. అమ్మ మొండితనం అనేది, నాన్నేమో "ఏటమ్మా, వయసొచ్చీసింది, అంతే" అనేవారు. ఆలోచన నెమ్మదించడం, నడక మారడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇవన్నీ ఈ జబ్బులో కనిపించేవే, దయచేసి బద్ధకం అని పెద్దవాళ్ళని విసుక్కోకండి.

వచ్చిన మచ్చల్ని చెరిపేసే మందు లేదు. కొత్తవి రాకుండా చూసుకోవాలి, అందులో అన్నిటికంటే పెద్దది బీపీ. అమెరికాలో చేసిన స్ప్రింట్ మైండ్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి, పై అంకెని 140 లోపు కాకుండా 120 లోపు ఉంచే లక్ష్యంతో మందులిచ్చినవాళ్ళలో తెల్ల మచ్చలు తక్కువగా పెరిగాయి. అలాగని అందరికీ 120 కుదరదు, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కింద పడేవాళ్ళున్నారు. ఎంత ఉండాలో డాక్టరు చెప్పాలి. మనం చెయ్యాల్సింది ఇంట్లో సరిగ్గా చూడడం: పొద్దున్న మాత్ర వేసుకోకముందు, అయిదు నిమిషాలు మాట్లాడకుండా వీపు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో. తరవాత నిలబెట్టి ఒకసారి. నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేస్తారు చూడండి, అదే కొంప ముంచుతుంది, నార్మల్ వచ్చింది ఆ మాత్ర వల్లే.

ఉప్పు మాటకొస్తే మన శ్రీకాకుళం నౌపడ ఉప్పు తిన్న జిల్లా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే అన్నీ కలిపి ఒక టీస్పూను. ఎండుచేపల కూర, ఆవకాయ ఒకే పూట వడ్డించామంటే ఇంకేం మిగులుతుంది? ఉద్దానం వైపు వాళ్ళకి ఇంకో మాట: కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ఈ సన్న నాళాల జబ్బూ ఎక్కువగానే ఉంటుంది, కానీ బజార్లో దొరికే లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, డాక్టరుని అడక్కుండా వాళ్ళు అది వాడకూడదు. చుట్ట కూడా మానాలి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన మామ్మలకీ ఇదే చెప్పాలి.

ఆస్పిరిన్ గురించి చాలామంది అడుగుతున్నారు. ఇంతకుముందు స్ట్రోక్ (పక్షవాతం) వచ్చి ఉండకుండా, గుండె జబ్బు లాంటి వేరే కారణం కూడా లేకుండా, స్కాన్‌లో మచ్చలు మాత్రమే ఉన్నవాళ్ళకి దానివల్ల లాభమని రుజువు కాలేదు, రక్తస్రావం ప్రమాదం మాత్రం ఉంది. మెడికల్ షాపులో అడిగి మొదలెట్టొద్దు, ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు.

ఈ జబ్బున్నవాళ్ళకి ఒక పక్క చెయ్యీ కాలూ ఉన్నట్టుండి బరువెక్కినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది స్ట్రోక్ కావచ్చు, తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. 108కి ఫోన్ చేసి, లక్షణం మొదలైన టైము కాగితం మీద రాసుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.