బంతి విసిరే చేయే ఆగాలి

మా ఇంట్లో రెండు కుక్కలు ఉన్నాయి. పెద్దదైన రాణికి పదకొండేళ్ళు. వీధిలో పుట్టి, ఒక వాన రాత్రి మా మెట్ల కింద తలదాచుకోవడానికి వచ్చి, తెల్లవారాక తిరిగి వెళ్ళలేదు. చిన్నవాడు బంటి నాలుగేళ్ళ లాబ్రడార్. ఎండ ముదిరిన రోజుల్లో రాణి తన జాగ్రత్త తానే చూసుకుంటుంది. ఉదయం వరండాలో పడుకుంటుంది, పొద్దెక్కాక స్నానాల గది గడప దగ్గరి చల్లని గచ్చు మీదికి మారుతుంది, సాయంత్రం మొక్కల మధ్య తడిమట్టిలో తాను తవ్వుకున్న గుంటలోకి దిగుతుంది. బంటికి అలాంటి లెక్క ఏదీ లేదు. ఎదుట ఉన్నవాళ్ళ చేతిలో బంతి కనిపిస్తే చాలు, కాళ్ళు తడబడేదాకా పరుగెత్తుతూనే ఉంటాడు. వేసవిలో కుక్కలను ఎలా చూసుకోవాలని అడిగినవారికి నేను ముందుగా ఈ తేడా గురించే చెబుతాను, ఎందుకంటే అది నాకు తెలిసివచ్చిన తీరు ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉంది.

పోయిన వేసవిలో ఒక ఉదయం ఎనిమిది గంటలకు బంటితో బంతాట ఆడాను. ఎండ ఇంకా చురుక్కుమనలేదు గానీ ఉక్క విపరీతంగా ఉంది. ఇరవై నిమిషాలు గడిచాక వాడు బంతిని తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసి, తోక ఊపుతూ నిలబడ్డాడు. ఆ తోకను చూసి నేను మళ్ళీ విసిరాను. ఆ తరువాత తిరిగి వస్తున్నప్పుడు వాడి వెనక కాళ్ళు పక్కకు జారాయి. నాలుక వెడల్పై, కొస దగ్గర గరిటెలా వంగి వేలాడుతోంది, చొంగ చిక్కగా తీగలు సాగుతోంది, చిగుళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పైపుతో ఒళ్ళంతా తడిపి, వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాము. అంత తడిపిన తరువాత కూడా అక్కడ కొలిస్తే 105 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సాధారణంగా 101 నుంచి 102.5 డిగ్రీల మధ్య ఉంటుంది. వాడు బతికాడు, కోలుకున్నాడు. కానీ వాడు ఆగలేని చోట నేను ఆగి ఉండవలసింది.

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళ మెత్తల్లోనే కాబట్టి, దానివల్ల ఒంటికి దక్కే చల్లదనం చాలా తక్కువ. అది నమ్ముకున్నది ఒగర్పును. వేగంగా ఊపిరి ఆడేటప్పుడు నాలుక మీద, నోటిలో, ముక్కు లోపలి పొరల మీద ఉన్న తడి ఆవిరై వేడి బయటికి పోతుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆ తడి ఆవిరి కాదు. అందుకే ఎండ కనిపించని మబ్బు రోజైనా ఉక్కగా ఉంటే కుక్కకు ప్రమాదమే. నేను ఆ ఉదయం ఎండను చూశాను గాని ఉక్కను లెక్కలోకి తీసుకోలేదు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ వంటి పొట్టి ముక్కు జాతులకు గాలి దారే ఇరుకు కనుక వాటి విషయంలో ఇంకా ముందుగా మేలుకోవాలి. ముసలి కుక్కలకు, బాగా లావెక్కిన వాటికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఫ్యాన్ వేశాము కదా అని ఊరుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ గాలి చెమట పట్టిన మన ఒంటికి హాయినిచ్చినంతగా పొడి బొచ్చుకు ఇవ్వదు. కడుపు, కాళ్ళు తడిపి ఫ్యాన్ కింద పడుకోబెడితే గుణం కనిపిస్తుంది.

వడదెబ్బ తగిలిందనిపిస్తే ముందు చల్లబరచాలి, తరువాతే ప్రయాణం. కుళాయి నీళ్ళు చాలు, ఐస్ కోసం వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోవద్దు. నీళ్ళు బొచ్చు పైపైన జారిపోకుండా చర్మానికి అందేలా పోస్తూ, గాలి తగలనివ్వాలి. చాలామంది ప్రేమతో తడి తువ్వాలు కప్పి ఉంచుతారు, అది కాసేపటికే వేడెక్కి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కుక్క తనంతట తాను తాగితే తాగనివ్వాలి. మగతగా ఉన్నప్పుడు నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. లేచి తిరుగుతున్నా సరే వైద్యుడికి చూపించి తీరాలి, ఎందుకంటే మూత్రపిండాల దెబ్బ, రక్తం గడ్డకట్టడంలో తేడా వంటివి కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి మరునాడు బయటపడతాయి.

ఇప్పుడు మా నడక తెల్లవారుజామున, చీకటి పడ్డాక మాత్రమే. సాయంత్రం గాలి చల్లబడినా తారు రోడ్డు చాలాసేపు వేడిని వదలదు. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క అరికాళ్ళను కాల్చుతుంది. నడకకు ముందు ప్రతిసారీ నేను అలా చూస్తాను, దారినపోయేవారు వింతగా చూసినా సరే. ఎండలో ఆపిన కారులో కుక్కను వదిలి వెళ్ళడం మాత్రం ఎంత చిన్న పనికైనా తగదు. లోపలి వేడి పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అద్దం కాస్త దించినంత మాత్రాన అది తగ్గదు.

కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి, వేసవిలో అంతకంటే ఎక్కువే తాగుతుంది. ముప్పై కిలోల బంటికి ఇది లీటరున్నరకు పైమాట. రాణి పాచి పట్టిన గిన్నెను ముట్టదు కాబట్టి మూడు చోట్ల పెట్టిన గిన్నెలను రోజూ తోమి నింపుతాము. ఎండాకాలంలో తిండి కాస్త తగ్గడం సహజం. నీళ్ళు కూడా మానేస్తే మాత్రం అది జబ్బే.

బొచ్చు గొరిగించమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. లాబ్రడార్ వంటి రెండు పొరల బొచ్చున్న కుక్కకు పైపొర ఎండను ఆపుతుంది, గొరిగితే చర్మం కమిలిపోతుంది. రోజూ దువ్వి రాలిన లోపలి బొచ్చును తీసేస్తే సరిపోతుంది. దువ్వుతున్నప్పుడే చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద పిడుదులు ఉన్నాయేమో వెతకాలి. వేడికి అవి త్వరగా పెరుగుతాయి, వాటి ద్వారా వచ్చే ఎర్లిషియా జ్వరం రక్తంలోని ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. పిడుదుల బతుకులో ఎక్కువ భాగం గోడ పగుళ్ళ వంటి చోట్లే గడుస్తుంది కనుక, కుక్కకు మందు వాడినప్పుడు ఇంటి మూలలను కూడా శుభ్రం చేయాలి.

ఈ వేసవిలో బంతి అలమర పై అరలో ఉంటోంది. బంటి మొదట్లో కొన్నాళ్ళు దాని కింద కూర్చుని నావైపు చూసేవాడు. గత వారం రాణి గుంట పక్కనే వాడు కూడా ఒక గుంట తవ్వాడు, ఆ తవ్వకంలో పూలమొక్క వేళ్ళు బయటపడ్డాయి. మొక్కను తీసి గోడ పక్కన నాటాను, గుంటలో రోజూ సాయంత్రం రెండు చెంబుల నీళ్ళు పోస్తున్నాను.