సంతకాల పుస్తకం పక్కన ఇంకో పుస్తకం

కోనసీమలో మా ఊరి శాఖా గ్రంథాలయంలో సంతకాల రిజిస్టరు లెక్కపెట్టే పనికి నెల క్రితం ఒప్పుకున్నాను. పేరు, సంతకం, రోజు చివర మొత్తం. అంతే. ఉదయం ఎనిమిదికి తలుపు తీయగానే వచ్చి, పదకొండుకు మూసేదాకా కానిస్టేబుల్ పరీక్షకు చదివే కుర్రాడిదీ ఒక సంతకమే, పేపరు తిరగేసి వెళ్లేవారిదీ ఒక సంతకమే. నాకు మనసొప్పలేదు.

అందుకే పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాను. పైన ఒకటే ప్రశ్న: 'ఇక్కడ చదివింది మీకు ఎక్కడ పనికొచ్చింది?'

మొదటి వారం ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత కొబ్బరి దింపే ఒక బాబాయి నన్ను పిలిచి, "నువ్వే రాయమ్మా, నేను చెబుతాను" అన్నారు. తెల్లదోమ గురించి వ్యవసాయ పత్రికలో చదివి, తోట యజమానికి చెప్పారట. చదవడం ఆయన నేర్చుకున్నది నలభై దాటాకే! ఆ పేజీ రాస్తుంటే నా చేయి వణికింది.

మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వెళుతుంది. ఆ డబ్బు ఏం చేసిందో కట్టినవారికి తెలియాలి కదా. గ్రంథాలయాల గురించి పట్టించుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు: 1914లో బెజవాడలో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు మన గోదావరి మనిషే.

నోటుపుస్తకంలోని మాటలను, రాసినవారి అనుమతితో, పేర్లు లేకుండా పెద్ద అక్షరాలతో అట్టలపై రాస్తున్నాను. ఆదివారం సంతలో కడతాం. తాడు బాబాయే తెస్తానన్నారు.