రెండర్ అయ్యేలోపు తర్సెమ్

పొద్దున ఏడింటికి కూర్చుంటే పదకొండున్నరకి ఆ ప్రీ వెడ్డింగ్ పాట ఒక కొలిక్కి వచ్చింది. మూడు నిమిషాల నలభై సెకన్లు. పెళ్లికూతురు ఎర్ర లంగావోణీలో మెట్లబావిలోకి దిగుతుంటే పైన డ్రోన్, బీట్ పడిన చోటల్లా కట్. ఎడిట్ చేసిందంతా ఒక వీడియో ఫైల్‌గా తయారవ్వడానికి (దాన్నే రెండర్ అంటారు) ఎక్స్‌పోర్ట్ పెడితే పన్నెండు శాతం దగ్గర ఆగి కూర్చుంది. నా సిస్టమ్ సంగతి తెలిసిందే, ఈలోపు అన్నం వండుకుని, తిని, గిన్నెలు కూడా కడిగేసుకోవచ్చు.

కుక్కర్ పెట్టి ఫోన్‌లో మళ్ళీ 'లూజింగ్ మై రెలిజియన్' చూశా. అమెరికన్ రాక్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. 1991 నాటి పాట, వీడియో తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సెమ్ సింగ్. కిటికీ గట్టు మీంచి పాల కూజా పడి పగిలే చోట ఎప్పటిలాగే వెనక్కి జరిపి ఇంకోసారి చూశా. తర్వాత రెక్కల ముసలాయన వస్తాడు. ఆయనెవరు, ఎందుకొచ్చాడు అని ఎవరూ అడగరు, పాట నడుస్తోంది కదా. ఆ ఏడు ఎమ్‌టీవీలో ఉత్తమ వీడియో అదే.

సినిమాకొచ్చేసరికి అడుగుతారు. 2000లో 'ది సెల్' తీస్తే బొమ్మలు బాగున్నాయి గానీ కథేదయ్యా అన్నారు. నాకూ అలాగే అనిపించింది, దాచుకోవడం దేనికి. కానీ 2006లో 'ది ఫాల్' ఉంది చూడండి, అందులో ఆ లోటునే కథగా మార్చేశాడు. ఆసుపత్రి మంచం మీదున్న స్టంట్‌మ్యాన్ ఓ చిన్నపిల్లకి కథ చెబుతుంటాడు. అతను 'ఇండియన్' అంటే అతని లెక్కలో రెడ్ ఇండియన్, అంటే అమెరికా ఆదివాసీ. ఆ పిల్లకి మాత్రం తనకి తెలిసిన తలపాగా మనిషే కళ్ళ ముందుకొస్తాడు, తెర మీద మనకి కనిపించేదీ ఆయనే! చెప్పేది ఒకటి, చూసేది ఇంకొకటి. పాటల్లో చెయ్యి తిరిగినవాడికే తట్టే ఆలోచన అనుకుంటా. అన్నట్టు అందులో రాజస్థాన్‌లోని చాంద్ బావడీ అనే మెట్లబావి కూడా ఉంది, ఆ మెట్లు చూశాక నా మెట్లబావి షాట్ మీద జాలేసింది.

'ది ఫాల్'ని సొంత డబ్బు పెట్టి, యాడ్‌ల కోసం తిరిగిన చోట్లన్నీ వాడుకుంటూ, 20కి పైగా దేశాల్లో తీశాడట. 2017లో టీవీకి 'ఎమరాల్డ్ సిటీ' పది ఎపిసోడ్లూ తనే తీశాడు, అది నాకు అంతగా ఎక్కలేదు. 2023లో వచ్చిన సినిమా 'డియర్ జస్సీ' మాత్రం పంజాబ్ కథ. ఇంత ఆర్భాటం తెలిసిన మనిషి అంత నిదానంగా తీస్తాడని ఊహించలేదు.

మధ్యలో మామయ్య ఫోన్. "ఇంకా ఆ పెళ్లి పాటలేనా, సినిమా ఎప్పుడురా?" కుక్కర్ కూత వేసింది, వినపడట్లేదు మామయ్యా అని పెట్టేశా.

రెండున్నరకి పాట పంపించా. పది నిమిషాల్లో పెళ్లికూతురి తమ్ముడు.

"అన్నా, సూపర్ ఉంది. అక్క మెట్లు దిగే షాట్ ఒక్కటి ఇంకొంచెం స్లో చెయ్యవా?"

స్లో చేస్తే ఆ తర్వాత కట్‌లన్నీ బీట్ తప్పుతాయి. సరే తమ్ముడూ అన్నా. ఇప్పుడు మళ్ళీ నాలుగు శాతం దగ్గరుంది.