డి లైసెన్స్ రెండో ప్రయత్నంలో వచ్చింది: ఫుట్‌బాల్ కోచింగ్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు

మొన్న సాయంత్రం నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం ఎదురుచూస్తుండగా ఫలితం తెలిసింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్స్ పరీక్షలో ఉత్తీర్ణుడినయ్యాను. అమ్మకు ఫోను చేసి చెబుతుంటే గొంతు పెగలలేదు. ఇదే కోర్సుకు సిద్ధమవుతున్నవారికీ, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా మీద గురిపెట్టినవారికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి దాని జోలికి వెళ్లను. నేను మొదటిసారి ఎందుకు తప్పానో మాత్రం వివరంగా చెప్పాలి.

పద్నాలుగేళ్లు ఆడినవాడిని. ప్రపంచకప్ మ్యాచ్‌లు చూస్తూ ఎవరు ఎక్కడికి కదిలారో నోటుబుక్కులో గీసుకునే అలవాటు. ఆట నియమాలు 17నూ కంఠతా వచ్చు. రాత పరీక్ష తేలికగానే గడిచింది. ప్రాక్టికల్‌లో నాకు వచ్చిన అంశం, శరీరాన్ని తెరిచి, అంటే బంతీ ముందున్న మైదానమూ రెండూ కనబడేలా పక్కకు తిరిగి, నిలబడి బంతి అందుకోవడం. నలుగురి దగ్గర బంతి, ఇద్దరు డిఫెండర్లు, 20 నిమిషాలు. తోటి అభ్యర్థులే పన్నెండేళ్ల పిల్లల స్థానంలో ఆడారు.

నేను 30 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పుతో కోన్లు పెట్టాను. అంత చోటులో ఇద్దరు డిఫెండర్లు ఎవరి దగ్గరికీ సమయానికి చేరలేరు. ఒత్తిడి లేనప్పుడు ఎటు తిరిగి నిలబడినా బంతి పోదు. బంతి పోకపోతే తప్పు బయటపడదు, తప్పు బయటపడకపోతే కోచ్‌కు సరిదిద్దడానికి ఏమీ దొరకదు. ఈ చిన్న లెక్క ఆ రోజు నాకు తట్టలేదు. ఏదో ఒకటి చెప్పాలన్న ఆత్రంలో మాటిమాటికీ ఆట ఆపాను. పాస్ బలం గురించి చెప్పాను, ఆఫ్‌సైడ్ గురించి చెప్పాను, ఇచ్చిన అంశాన్ని వదిలి అన్నీ చెప్పాను. వాళ్లు నడుము మీద చేతులు పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. చివర ఇన్‌స్ట్రక్టర్ ఒక్కటే అడిగారు: “ఆ ఎర్ర బిబ్ అబ్బాయి ఎన్నిసార్లు బంతి తాకాడు?” నాకు తెలియదు. “ఏడుసార్లు” అన్నారు ఆయన. ఇరవై నిమిషాల్లో ఏడుసార్లు!

తిరిగి వచ్చాక రెండు రకాల మాటలు విన్నాను. సర్టిఫికెట్ లేనివాడు కోచింగ్ గురించి మాట్లాడకూడదని ఒక పెద్దాయన నలుగురిలో అన్నారు. కాగితంతో ఆట రాదు, వదిలెయ్యమని ఇంకొకరు ఓదార్చారు. రెండూ నన్ను నొప్పించాయి, రెండింటికీ ఇప్పుడు జవాబు చెప్పగలను.

పెద్దాయన మాటే నిజమైతే కోచ్ విల్ స్టిల్ ఉండేవాడే కాదు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య (యూఈఎఫ్ఏ) ఇచ్చే అత్యున్నత కోచింగ్ అర్హత అయిన ప్రో లైసెన్స్ ఆయనకు లేనందువల్ల, ఫ్రాన్సులోని రెయిమ్స్ క్లబ్బు మ్యాచ్‌కు 25,000 యూరోల జరిమానా కడుతూనే 2022-23లో ఆయననే కోచ్‌గా ఉంచుకుంది. ముప్పై ఏళ్ల ఆ కుర్రాడికి ఆట అర్థమైందని క్లబ్బు నమ్మింది, ఫలితాలు ఆ నమ్మకాన్ని నిలబెట్టాయి.

అయితే కాగితం వద్దనేవారు మన రహీం సాబ్ పేరు చెప్పినప్పుడు నేను ఒప్పుకోను. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. ఆయన వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. అంటే చదువుకున్నారు, పైగా రోజూ తరగతి గదిలో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం సాధన చేశారు. నాలో లేనిది సరిగ్గా అదే. ఆట నాకు మొదటి ప్రయత్నానికి ముందే తెలుసు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉంటాను. తెలిసినదాన్ని ఎదుటివాడి కాళ్లలోకి పంపడం మాత్రం పరీక్ష తప్పాకే నేర్చుకున్నాను.

ఎలాగంటే, నల్లగొండ ఎన్‌జీ కళాశాల మైదానంలో ఉదయం ఆడుకునే పిల్లలను బతిమాలి ఎనిమిది మందిని పోగు చేశాను. ఫోను జేబులో పెట్టుకుని నా గొంతు రికార్డు చేసుకున్నాను. మొదటి రోజు 20 నిమిషాల్లో నేను మాట్లాడినది తొమ్మిది నిమిషాలు. నెల తిరిగేసరికి మూడుకు తగ్గించాను. కోన్ల మధ్య చోటును 12 మీటర్లకు కుదించాను. ఒక రోజు, “వెనక్కి చూడు” అని అరవడం మాని, ఒక పిల్లవాడిని “బంతి రాకముందు నీ వెనుక ఎవరున్నారు?” అని అడిగాను. వాడు జవాబు చెప్పలేదు. తరువాతి పాస్ రాకముందే తల తిప్పి చూసుకున్నాడు, పక్కకు తిరిగి ఎడమ కాలితో బంతి అందుకుని ముందుకు వెళ్లిపోయాడు. ఆ క్షణంలోనే నాకు లైసెన్స్ వచ్చినట్టు అనిపించింది.

రెండోసారి పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అంశం మారింది, చోటు సరిపోయింది, ఆట రెండుసార్లే ఆపాను.

మిత్రులారా, వీడియోలు చూసి ఫార్మేషన్ల మీద, అంటే ఆటగాళ్లను మైదానంలో ఎలా నిలపాలన్నదాని మీద, వాదించుకోవడం చదువు కాదు. సెషన్ ప్లాన్ రాయండి, కోన్లు మీరే పెట్టండి, మీరే ఏరుకోండి. వర్షం పడినా వెళ్లండి, ముగ్గురే వచ్చినా ఆ ముగ్గురితో చేయించండి. ఐదు గంటలకు లేవలేనివారు ఆరింటికి పిల్లలను క్రమశిక్షణ అడగలేరు. నేను పద్నాలుగు నెలలు ఒక్క ఆదివారం కూడా మానలేదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తరువాతి మెట్టయిన సి లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకునేలోపు ఇంకో పని మొదలుపెట్టాను. వచ్చే సోమవారం నుంచి మా కాలనీ అమ్మాయిలు పదకొండు మంది మైదానానికి వస్తామన్నారు. వాళ్ల కోసం నిన్న నాలుగో నంబరు బంతులు మూడు కొన్నాను.