పెద్దయ్యాక కరాటే మొదలుపెట్టడం ఎందుకంటే

కరాటే క్లాసంటే వేసవి సెలవుల్లో పిల్లల్ని పంపే చోటని మన దగ్గర ఒక లెక్క. నిజానికి రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే ముప్పై, నలభై ఏళ్ల వాళ్లకి అది ఇంకా బాగా పనికొస్తుంది. రెండు నెలల్లో ఎవడినైనా పడగొట్టేయాలన్న ఆశతో వచ్చేవాళ్లు మాత్రం త్వరగా మానేస్తారు. ఆ రెండు నెలలూ ఎక్కువగా నిలబడటమే నేర్పుతారు మరి!

కరాటేలో ఒక శైలి అయిన షోటోకాన్‌లో మొదట పట్టుబడాల్సింది జెన్‌కుత్సు దాచి, అంటే ముందు మోకాలు వంచి నిలబడే భంగిమ. పాదాల మధ్య ముందువెనకల దూరం భుజాల వెడల్పుకి దాదాపు రెట్టింపు, అడ్డంగా భుజాలంత ఎడం. బరువు అరవై శాతం ముందు కాలి మీద. వెనక మడమ లేవకూడదు. కొత్తవాళ్లు రెండు పాదాలూ ఒకే గీత మీద పెట్టేస్తారు, పక్కనుంచి చిన్నగా తోసినా తూలిపోతారు. ఇంకో తప్పు, ముందు మోకాలు లోపలికి వాలడం. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ల వైపే చూడాలి. ఈ ఒక్క భంగిమలో ముందుకీ వెనక్కీ పది నిమిషాలు నడిస్తే తొడలు, పిరుదులు ఎంత బలహీనంగా ఉన్నాయో అద్దం లేకుండానే తెలుస్తుంది.

పిడికిలి సంగతీ అంతే. నాలుగు వేళ్లు గట్టిగా మడిచి, బొటనవేలు బయటినుంచి చూపుడువేలు, మధ్యవేలు మీద వేయాలి. తగలాల్సింది ఆ రెండు వేళ్ల కణుపులు. మణికట్టు వంగితే పంచింగ్ బ్యాగ్‌ని గుద్దిన మొదటిరోజే నొప్పి. గాలిలో గుద్దేటప్పుడు మోచేతిని చివరిదాకా విసిరి బిగించొద్దు, కాస్త ముందే ఆపాలి.

నా దృష్టిలో కరాటే మొదలుపెట్టడానికి అసలు కారణం కటా, అంటే ఒక్కరే వరసగా చేసే కదలికల కూర్పు. జతగాడు అక్కర్లేదు, సామాను అక్కర్లేదు. కరాటే గురువు ఇతోసు అంకో జపాన్‌లోని ఒకినావా బడిపిల్లల కోసం కూర్చిన పినాన్ అనే కటాల వరసనే తర్వాత షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ హెయాన్ అన్నారు. అంటే ఇది కొత్తవాళ్ల కోసమే పుట్టింది. అందులో మొదటిదైన హెయాన్ షోడాన్‌లో 21 కదలికలు, నిమిషంలోపే అయిపోతుంది. మొదలుపెట్టిన చోటే ముగియాలి. డాబా మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని చేయండి. అడుగు పక్కన ఆగారా, మధ్యలో ఎక్కడో అడుగు పొట్టిదైంది, లేదా తిరిగేటప్పుడు కోణం తప్పింది. మాస్టర్ గారు లేని రోజు కూడా తప్పు దానంతటదే బయటపడుతుంది.

ఆత్మరక్షణ? గోహోన్ కుమితే అనే జంట సాధనలో ఎదుటివాడు ఎక్కడ కొడతాడో ముందే చెప్పి ఐదడుగులు వస్తాడు. వీధిలో ఎవడూ అలా చెప్పి కొట్టడు. అయినా ఎంత దూరంలో చెయ్యి అందుతుందో కంటికి అలవాటవుతుంది. మొదటి ఏడాది అంతకుమించి ఆశించకండి.

చేరేముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. మాస్టర్ వరసల మధ్య తిరిగి పాదాలు సరిచేస్తున్నారా, లెక్క మాత్రమే అరుస్తున్నారా? పదో క్యూ, అంటే అన్నిటికంటే కింది మెట్టు నుంచి బ్లాక్ బెల్ట్‌కి మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఏడాదిలో ఇస్తామనే ప్యాకేజీ జోలికి పోవద్దు. మొదటి నెల టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు. డ్రెస్ కొన్నప్పుడు కాటన్‌దైతే ఉతికాక కుంచించుకుపోతుంది, కాస్త వదులుగా తీసుకోండి. కాలిగోళ్లు కత్తిరించుకుని వెళ్లండి.

తొడలు రెండు రోజులు పట్టేయడం మామూలే. మోకాలి లోపల నొప్పి మాత్రం మామూలు కాదు. అడుగు పొట్టిది చేసి, ఆ రోజే మాస్టర్ గారికి చెప్పండి.